నుమాయిష్ నేర్పిన పాఠం: పూర్వ విద్యార్థి సంఘాలు, విద్యార్థి వేతనాలు

జనవరి మాసం రాగానే నాంపల్లి దారులన్నీ ఎగ్జిబిషన్ మైదానం వైపు మళ్ళుతాయి. మొజంజాహీ మార్కెట్టు నుండి గాంధీభవన్ వరకు సాయంవేళ అడుగు తీసి అడుగు పెట్టడమే కష్టమవుతుంది. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ వస్త్రాలు, గాజులు, ఊరగాయలు, జెయింట్ వీలు, వేడివేడి మిర్చి బజ్జీలు – వీటికోసం సగం నగరం అక్కడికే తరలివస్తుంది. ఆ నలభై ఐదు రోజులలో మన కళాశాలలో చివరి పీరియడుకు హాజరు ఎంత పలుచబడుతుందో అధ్యాపకులందరూ ఎరిగినదే. టిక్కెట్టు కొని లోపలికి పోయే ఆ వేలాది జనంలో, ఈ నుమాయిష్‌ను మొదట తలపెట్టినది చదువు ముగించి బయటికి వచ్చిన కొందరు పట్టభద్రులని తెలిసినవారు మాత్రం తక్కువ.

మన కళాశాలకు కూడ పూర్వ విద్యార్థుల సంఘం ఒకటి ఉండాలని, దాని ద్వారా పేద విద్యార్థులకు వేతనాలు ఇప్పించాలని కమిటీ పెద్దలు, విద్యార్థులు కొంతకాలంగా అనుకుంటున్నారు. అట్టి సంఘం ఎట్లా నిలబడుతుంది, ఎట్లా పడిపోతుంది అని విచారించడానికి దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. మన ఇరుగుపొరుగున ఉన్న ఉదాహరణ చాలును.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనది. ఉర్దూ బోధనాభాషగా ఉన్నతవిద్య నేర్పడానికి పూనుకొన్న ఆ విశ్వవిద్యాలయానికి తొలినాళ్ళలో సొంత భవనాలు లేవు. 1919లో తరగతులు మొదలైనది ఆబిడ్స్‌కు కూతవేటు దూరాన గన్‌ఫౌండ్రీలో, నిజాం కళాశాల పక్కన. అడిక్‌మెట్‌లోని ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం 1939లో గాని జరుగలేదు. కాబట్టి ఆ తొలి తరాల పట్టభద్రులకు ఈ వీధులు కొత్తవి కావు. వారు ఏర్పరచుకొన్న ఉస్మానియా గ్రాడ్యుయేట్స్ అసోసియేషన్‌లో ఆర్థిక విషయాల సంఘం ఒకటి ఉండేది. హైదరాబాదు సంస్థానపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయాలని ఆ సంఘంవారు సంకల్పించినారు. సర్వేకు డబ్బు కావలసివచ్చినది. చందాల పుస్తకం చేతబట్టి నవాబుల దేవిడీల చుట్టూ తిరగడం ఆనాటికి పరిపాటే. వారు వేరొక మార్గం ఆలోచించినారు. సంస్థానంలో తయారయ్యే వస్తువులను ఒకచోట చేర్చి ప్రదర్శన ఏర్పాటు చేస్తే, చేతిపనివారికి అమ్మకాలు, జనానికి వినోదం, సంఘానికి నిధి – మూడూ ఒక్కసారే సమకూడుతవి. ఆ విధంగా 1938లో బాగె ఆమ్‌లో, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో, ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’ వెలసినది. దేశీయ వస్తువుల ప్రదర్శన అని దాని అర్థం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించినారు. సుమారు వంద స్టాళ్ళు, పది రోజుల ముచ్చట. రెండున్నర రూపాయల మూలధనంతో మొదలైనదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1946లో అది ఇప్పటి మైదానానికి మారినది. 1947, 1948 సంవత్సరాలలో జరుగలేదు. ఆ రెండేళ్ళు ఈ నగరం ఎట్లా గడిపినదో పెద్దలకు చెప్పనక్కరలేదు. 1949లో గవర్నర్ జనరల్ చక్రవర్తుల రాజగోపాలాచారి గారు ప్రారంభించగా అది అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయినది. కాగితాల మీద ఆ పేరు ఉన్నది గాని జనం నోట మాత్రం నుమాయిష్ నుమాయిష్‌గానే మిగిలినది. తెలుగువాడు, ఉర్దూవాడు, మార్వాడీ అందరూ ఆ మాటనే వాడుతారు.

ఇక్కడ మనకు కావలసిన అంశం తరువాతిది. ప్రదర్శనను నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయాన్ని విద్యకు మళ్ళించినది. మైదానంలోనే కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఉన్నవి. వరంగల్లులో లాల్ బహదూర్ కళాశాల, మారేడుపల్లిలో కస్తూర్బా గాంధీ మహిళా కళాశాల ఆ సొసైటీవే. మొత్తం సంస్థలు ఇరవైకి దగ్గరగా ఉన్నవి. మన విద్యార్థినుల అక్కచెల్లెండ్రు ఎందరో వాటిలో చదివినారు, చదువుతున్నారు. సంక్రాంతి రోజులలో ఒక ఇల్లాలు గాజుల కోసం టిక్కెట్టు కొంటే, ఆ రూపాయలలో కొంత ఎవరో ఎరుగని పిల్ల ప్రయోగశాల బల్ల మీదికి చేరుతుంది. ఆమెకు తాను దానం చేసిన సంగతే తెలియదు, ఈ పిల్లకు తాను దానం పుచ్చుకొన్న సంగతే తెలియదు. ఇంతకన్న మర్యాదగల సహాయం నాకు తోచదు.

నేడు ఎగ్జిబిషన్ సొసైటీని పూర్వ విద్యార్థుల సంఘం అనడం సరికాదు. అది తన దారిన పెద్ద సంస్థగా ఎదిగినది. దాని పుట్టుక మాత్రం పూర్వ విద్యార్థులది. ఆ పుట్టుకలో ఉన్న తెలివి ఏమిటో గమనించాలి. వారు ఒక రాత్రి విందులో ఉదారులైన మిత్రుల నుండి చందా వసూలు చేసి ఊరుకోలేదు. ఏటేటా తనంతట తాను ఆదాయం తెచ్చే పనిని నిలబెట్టినారు. దానికి తారీఖు ఉన్నది, చోటు ఉన్నది, లెక్క ఉన్నది. వ్యవస్థాపకులు గతించినా, ప్రభుత్వాలు మారినా, 2019 జనవరి 30న అగ్నిప్రమాదంలో స్టాళ్ళు కాలిపోయినా, కరోనా వల్ల 2021లో ప్రదర్శనే లేకపోయినా, అది మళ్ళీ లేచి నిలబడినది.

మన కళాశాలల పూర్వ విద్యార్థి సంఘాలలో చాల వాటికి ఈ గుణం లేదు. నేను దగ్గరగా చూచిన సంఘం ఒకటి కలదు. పేరు చెప్పడం భావ్యం కాదు. మొదటి సంవత్సరం ఘనంగా సమ్మేళనం జరిగినది. ముషాయిరా, బిర్యానీ, శాలువలు, ఫోటోలు. వేదిక మీద నలుగురు దాతలు వేతనాలు ప్రకటించినారు, చప్పట్లు మ్రోగినవి. రెండవ సంవత్సరం ఇద్దరు మాత్రమే పంపినారు. మూడవ సంవత్సరం కార్యదర్శి గారు ఉద్యోగరీత్యా జెద్దా వెళ్ళిపోయినారు, రశీదు పుస్తకం ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియలేదు. మొదటి ఏడు వేతనం అందుకొన్న విద్యార్థులు మూడవ ఏడు ఏమి చేసినారని అడిగినవారు లేరు.

వేతనం అనే మాటనే కొంచెం ఆలోచించి చూడండి. ఉర్దూలో స్కాలర్‌షిప్పును వజీఫా అంటారు. పాత హైదరాబాదులో పింఛనుకు కూడ వజీఫా అనే పేరు. ఉద్యోగ విరమణ చేసినవారిని వజీఫాయాబ్ అనేవారు. నిత్యం నియమంగా చేసే జపానికి కూడ వజీఫా అనే పేరు. ఈ మూడు అర్థాలలోను ఉన్న సామాన్యగుణం క్రమం తప్పకపోవడమే. తెలుగువారు కూడ విద్యార్థి వేతనం అన్నారు; వేతనం అంటే పనిచేసినవానికి నెల నెలా అందే జీతం. ఒకనాడు వచ్చి మరునాడు రానిది బహుమతి కావచ్చు, వజీఫా కాజాలదు. రెండు భాషలూ ఈ విషయంలో ఒకే మాట చెబుతున్నవి. ఒకే ప్రాంగణంలో రెండు భాషలు చదివే మనకు ఇది ఇంకా బాగా తెలియాలి.

ఒక సంఘటన చెప్పి ముందుకు సాగుతాను. మూడేళ్ళ క్రిందట నా తెలుగు తరగతిలో బి.కాం. ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు హఠాత్తుగా రావడం మానుకొన్నాడు. చదువులో మెరుపు కాకపోయినా శ్రద్ధ గలవాడు. ఒక ఆదివారం నేను పాత పుస్తకాల కోసం ఆబిడ్స్ వెళ్ళినాను. మూసిన దుకాణాల ముందు కాలిబాట పొడుగునా పుస్తకాలు పరచి అమ్మే ఆ బజారు మనలో చాలమందికి రెండవ గ్రంథాలయం వంటిది. అక్కడ ఒక గుట్ట వెనుక ఈ విద్యార్థి కూర్చొని ఉన్నాడు. నన్ను చూచి లేచి నిలబడినాడు. ఏమయ్యా, పరీక్షలు వ్రాయలేదా అని అడిగితే, “ఫీజు డేటు అయిపోయింది సార్. ఫైన్‌తోటి కట్టమన్నరు. ఎవ్వరి నడుగుడు?” అన్నాడు. వాని తండ్రికి ఆ నెలలో ఆరోగ్యం చెడినదట. కావలసిన మొత్తం అపరాధ రుసుముతో కలిపినా రెండు వేలు దాటదు.

ఆ వారమే దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మన పూర్వ విద్యార్థి ఒకరు నాకు ఫోను చేసి, “ఎవరైనా పేద విద్యార్థికి పది వేలు ఇవ్వాలని ఉన్నది, ఎవరి పేర పంపాలి?” అని అడిగి ఉన్నారు. నేను ఎవరి పేరూ చెప్పలేకపోయినాను. నా సొంత ఖాతాలో వేయించుకోవడం ఉచితం కాదనిపించినది. డబ్బు ఉన్నది, అవసరం ఉన్నది, రెంటికీ నడుమ కాలువ లేదు. తరువాత రెండు ఆదివారాలు నేను ఆ కాలిబాట మీదికి వెళ్ళి చూచినాను. ఆ చోట వేరొకరు కూర్చొని ఉన్నారు.

ప్రభుత్వ వేతనాలు ఉన్నవి గదా అని కొందరు అనవచ్చు. ఉన్నవి. బోధనా రుసుము చెల్లింపు పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008–09 ప్రాంతంలో విస్తృత రూపంలో వచ్చినది; తెలంగాణలో కొనసాగినది. కుటుంబ ఆదాయం గ్రామాలలో లక్షన్నర, నగరాలలో రెండు లక్షలు మించరాదని మైనారిటీ విద్యార్థులకు పరిమితి పెట్టినారు. దానివల్ల లక్షలమంది పట్టభద్రులైనారు, అందులో సందేహం లేదు. ఐతే ఆ ధనం విద్యాసంవత్సరం ముగిసిన తరువాత, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా వస్తుంది. బకాయిల కోసం కళాశాలలు, విద్యార్థి సంఘాలు ఎన్నిసార్లు ఆందోళన చేసినవో పత్రికలు చదివేవారు ఎరుగుదురు. ఆదాయం పరిమితికి ఐదు వేలు మించిన ఆటో డ్రైవరు కొడుకు ఆ పథకంలోకి రానేరాడు. పరిశోధన చేసేవారికి ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022లో నిలిపివేసినది. ప్రభుత్వం చేయవలసినదంతా పూర్వ విద్యార్థులు చేయలేరు, చేయనక్కరలేదు కూడ. ప్రభుత్వ ధనం వచ్చేవరకు విద్యార్థిని తరగతిలో నిలిపి ఉంచగలిగితే అదే గొప్ప. పరీక్ష రుసుముకు ఆఖరి తారీఖు, ప్రవేశ సమయంలో మొదటి కిస్తీ, ఇంట్లో జబ్బు చేసిన నెల – సంవత్సరంలో ఇట్టి గండాలు మూడో నాలుగో ఉంటవి. వాటిని దాటిస్తే మిగతా ఏడు విద్యార్థి తానే ఈదుతాడు.

కనుక నిధి పెద్దదా చిన్నదా అనే ప్రశ్న కన్న, అది వేళకు చేతిలో ఉంటుందా అనే ప్రశ్న ముఖ్యమైనది. ఒక లెక్క వేయండి. వందమంది పూర్వ విద్యార్థులు నెలకు రెండు వందల రూపాయలు ఇస్తే సంవత్సరానికి రెండు లక్షల నలభై వేలు. అందులో సగం ఆ ఏడే ఖర్చు చేసినా, రెండు వేల వంతున అరవైమంది పరీక్ష గండం గడుస్తుంది. మిగిలిన సగం నిలువ చేస్తే పదేళ్ళకు పన్నెండు లక్షలు. ఒక్క లక్ష రూపాయల దాత కోసం వెదకడం కన్న, రెండు వందలు ఇచ్చే వందమందిని వెదకడం కష్టమే. ఐనా ఆ లక్ష ఇచ్చిన దాత అలిగితే సంఘం పడిపోతుంది, ఈ వందమందిలో పదిమంది అలిగినా పడిపోదు.

నిలువధనాన్ని ఏమి చేయాలన్న చోట మన కళాశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. సాధారణంగా సంఘాలు దానిని బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేసి వడ్డీతో వేతనాలు ఇస్తవి. మన పూర్వ విద్యార్థులలో పలువురు వడ్డీ పుచ్చుకోరు, వడ్డీ ధనంతో తమ పేర వేతనం ఇవ్వడానికి ఒప్పుకోరు. వారి మనసు నొప్పించి సంఘం కట్టలేము. దీనికి ఉపాయం మన నగరమే చూపుతున్నది. ఆబిడ్స్ నుండి నాంపల్లి వరకు నడిచి చూడండి. మసీదు గోడనానుకొని ముల్గీలు ఉంటవి. ఒక దానిలో దర్జీ, ఒక దానిలో అత్తరు, ఒక దానిలో సెల్‌ఫోన్ మరమ్మతు. ఆ ముల్గీల కిరాయి మీద మసీదు దీపం, నీరు, మౌజన్ జీతం నడుస్తవి. దానం చేసినవాడు పోయినా దానం కిరాయి తెస్తూనే ఉంటుంది. నుమాయిష్ స్థాపకులు పది రోజుల స్టాళ్ళతో చేసినది కూడ ఇదే పని. మన కళాశాల రోడ్డు వైపున ఉన్న జిరాక్స్ దుకాణం, క్యాంటీను కిరాయికి ఇచ్చినవే. వాటిలో ఏదో ఒక దాని కిరాయిని విద్యార్థి వేతనాల నిధికి శాశ్వతంగా కేటాయిస్తూ కమిటీ ఒక తీర్మానం చేస్తే, పూర్వ విద్యార్థుల దగ్గరికి మనం వట్టి చేతులతో పోనక్కరలేదు. కమిటీవారు ఇంత ఇచ్చినారు, మీరు ఎంత ఇస్తారు అని అడగవచ్చు. అడిగేవాడు ముందు తానిచ్చి అడిగితే ఆ అడుగులో బరువు ఉంటుంది.

జకాత్ సంగతి కూడ స్పష్టంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే రంజాన్ మాసంలో మనకు వచ్చే ధనంలో ఎక్కువ భాగం అదే. తెలియనివారి కోసం: నిర్ణీత పరిమాణానికి మించి సంపద గల ముస్లిము ఏడాది నిలిచిన ధనం మీద నూటికి రెండున్నర వంతున పేదలకు విధిగా ఇవ్వవలసినది జకాత్. ఈ ధనం అర్హుడైన పేదవాని స్వాధీనం కావాలని, మూలధనంగా పేర్చి ఉంచరాదని, కట్టడాలకు వాడరాదని ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. ముస్లిమేతరులకు దీని నుండి ఇవ్వడాన్ని కూడ వారిలో ఎక్కువమంది అంగీకరించరు. ఐచ్ఛికంగా ఇచ్చే సదఖాకు, అతియాకు ఈ నియమాలు లేవు. కాబట్టి రెండు ఖాతాలు తెరవాలి. జకాత్ ఖాతా ఆ ఏడు వచ్చినది ఆ ఏడే ఖర్చు కావాలి. సామాన్య నిధి అందరిది. ఈ విభజన చేయకపోతే జరిగేది ఏమిటి? తెలుగు విభాగంలో చదివే మహబూబ్‌నగర్ రైతుబిడ్డ దరఖాస్తు పెట్టినప్పుడు, నిధిలో డబ్బు ఉండి కూడ గుమాస్తా తల గోక్కోవలసివస్తుంది. ఆ పిల్లవాడు ఇది నాది కాని కళాశాల అనుకొని వెళ్ళిపోతాడు. అట్లా అనుకొన్నవాడు పదేళ్ళ తరువాత పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి వస్తాడని ఎట్లా ఆశించగలము?

ఇదే సందర్భంలో మనవైపు లోపం ఒకటి ఒప్పుకోవాలి. ఇంతవరకు మనం జరిపిన కలయికలకు ఆహ్వాన పత్రాలు ఉర్దూలోనే అచ్చైనవి. వచ్చినవారు కూడ ఉర్దూ విభాగపు పూర్వ విద్యార్థులే. నల్లగొండలో, మెదక్‌లో ఉపాధ్యాయులుగా, రెవెన్యూ శాఖలో ఉద్యోగులుగా స్థిరపడిన తెలుగు విభాగపు వారికి కబురే అందలేదు. తెలుగు అధ్యాపకుడినై ఉండి నేను కూడ అడగలేదు గనుక ఆ తప్పులో నా వాటా నాకున్నది.

అలీగఢ్ చరిత్రలో మనకు పనికివచ్చే మరొక ఉదాహరణ కలదు. అక్కడి మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో 1890లో సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ పూనికతో ‘అంజుమన్ అల్ ఫర్జ్’ ఏర్పడినది. ఇంగ్లీషులో డ్యూటీ సొసైటీ అన్నారు. విద్యార్థులే సెలవులలో ఊరూరా తిరిగి పేద సహాధ్యాయుల కోసం నిధి పోగుచేసేవారు. ఆ పేరు గమనించదగినది. దయ అని పెట్టుకోలేదు, ఔదార్యం అని పెట్టుకోలేదు, విధి అన్నారు. పూర్వ విద్యార్థి కావడానికి ముందే, చదువుకొనే రోజులలోనే ఆ అలవాటు పడాలని వారి ఉద్దేశం కాబోలు. మన విద్యార్థులలో చివరి సంవత్సరంవారు కళాశాల విడిచేనాడు నెలకు యాభై రూపాయలకు నమోదు చేసుకొన్నా చాలును. ఉద్యోగం వచ్చిన తరువాత ఆ అంకె తానే పెరుగుతుంది.

చట్టం విషయాలు క్లుప్తంగా చెబుతాను. తెలంగాణ ప్రాంతంలో సంఘాలు పూర్వం 1350 ఫసలీ నాటి చట్టం క్రింద నమోదయ్యేవి. 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దాని స్థానంలోకి వచ్చినది. ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేయవచ్చు. నమోదు లేనిదే సంఘం పేర బ్యాంకు ఖాతా కష్టం; ఖాతా లేనిదే మళ్ళీ అధ్యాపకుల సొంత ఖాతాల గొడవ. నాక్ వారి పరిశీలనలో కూడ, నమోదైన పూర్వ విద్యార్థి సంఘం ఉన్నదా, అది కళాశాలకు ఏమి చేసినది అని అడుగుతూ వచ్చినారు.

విదేశాలలో ఉన్నవారి విరాళాల విషయంలో మాత్రం చాల జాగ్రత్త కావాలి. గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న మనవారు భారత పౌరులుగానే ఉంటారు. వారు తమ సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం క్రిందికి రాదు. అమెరికాలోనో కెనడాలోనో అక్కడి పౌరసత్వం పుచ్చుకొన్నవారు పంపేది మాత్రం, ఆయన మన క్లాసులోనే మూడవ బెంచీ మీద కూర్చొన్న హైదరాబాదీ ఐనప్పటికీ, చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 క్రింద ప్రత్యేక అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ ధనం మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. చిన్న సంఘానికి ఇది తలకు మించిన పని. మొదటి కొన్నేళ్ళు అట్టి విరాళాలు తీసుకోకపోవడమే క్షేమమని నా అభిప్రాయం. ఆ మిత్రులు డబ్బుకు బదులు సమయం ఇవ్వవచ్చు. ఆదివారం రాత్రి ఒక గంట ఇంటర్వ్యూకు సిద్ధం చేస్తే చాలమందికి అది డబ్బు కన్న ఎక్కువ.

డబ్బు కాని సహాయాన్ని మనం తక్కువగా చూస్తాము. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ఎట్లా తీసుకోవాలి, ఈ-పాస్ దరఖాస్తులో బ్యాంకు వివరాలు తప్పుపడితే ఎక్కడ దిద్దించాలి, నాంపల్లి హజ్ హౌస్‌లో ఏ అంతస్తులో ఏ కార్యాలయం – ఇవి తెలియక వేతనం పోగొట్టుకొనేవారు ప్రతి తరగతిలో ఉన్నారు. నిరుటి విద్యార్థులు ఇద్దరు దరఖాస్తుల కాలంలో వారానికి రెండు మధ్యాహ్నాలు కళాశాల వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా ఎన్నో వేల రూపాయల వేతనాలు నిలబడతవి. పుస్తకాల సంగతీ అంతే. పరీక్షలు ముగిసిన మర్నాడే మన విద్యార్థులు తమ పుస్తకాలను కిలోల లెక్కన అమ్మివేస్తారు. జూలైలో వాటినే ఆబిడ్స్ కాలిబాట మీద కొత్తవారు కొంటారు. వాటిని కళాశాలలోనే ఒక బీరువాలో ఉంచి ఏడాదికి అరువిస్తే మధ్యవర్తి లాభం మిగులుతుంది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చినందున బస్సు పాసు సహాయం ఇక మగపిల్లలకే కావాలి. ఆమేరకు మిగిలినది పరీక్ష రుసుముకు వాడవచ్చు.

ఇక ఎవరికి ఇవ్వాలి? మార్కులు చూచి ఇచ్చేది పతకం. అవసరం చూచి ఇచ్చేది వేతనం. రెండూ కలిపితే మొదటిదే గెలుస్తుంది, ఎందుకంటే మార్కులు కాగితం మీద కనబడతవి, ఆకలి కనబడదు. తరగతిలో నిలిచి, హాజరు సరిగా ఉన్నవానికి మార్కుల పట్టింపు లేకుండా ఇవ్వాలి. ఎంపిక చేసేవారిలో ఉర్దూ విభాగం నుండి ఒకరు, తెలుగు విభాగం నుండి ఒకరు, మహిళా అధ్యాపకురాలు ఒకరు, పూర్వ విద్యార్థులు ఇద్దరు ఉంటే చాలును. దాతకు విద్యార్థి పేరు చెప్పనవసరం లేదు. ఏ తరగతి, ఎంత మొత్తం, ఏ తారీఖు అని చెబితే సరిపోతుంది. మొత్తం జమాఖర్చులు మాత్రం ఏడాదికి రెండుసార్లు నోటీసు బోర్డు మీద రెండు భాషలలోను అంటించాలి. వార్షికోత్సవంలో వేదిక మీదికి పిలిచి, అట్టముక్క మీద వ్రాసిన పెద్ద చెక్కును పిల్లవాని చేతిలో పెట్టి ఫోటో తీసే పద్ధతి మన కళాశాలలోకి రానీయవద్దని కమిటీ పెద్దలకు నా విన్నపం. ఆ ఫోటో దాత ఇంటి గోడ మీద పదేళ్ళు ఉంటుంది. ఆ పదేళ్ళూ ఆ పిల్లవాడు దాని నుండి తప్పించుకు తిరుగుతాడు. కాలిబాట మీద నాకు కనబడిన విద్యార్థి ఎవ్వరి నడుగుడు అన్నప్పుడు వానికి లేనిది ధైర్యం కాదు. అడిగితే నలుగురికి తెలుస్తుందనే భయమే అధికం.

పని ఎక్కడ మొదలుపెట్టాలని విద్యార్థులు అడిగినారు. మన ప్రవేశ రిజిస్టర్లు ఆఫీసు వెనుక గదిలో ఇనుప బీరువాలో ఉన్నవి. తొలినాటివి ఉర్దూలో, తరువాతివి ఇంగ్లీషులో వ్రాసి ఉన్నవి. కొన్నింటికి చెద పట్టినది, ఐనా పేరు, ఊరు, తండ్రిపేరు చదువుకొనేటట్లే ఉన్నవి. రెండు భాషలు చదువగల నలుగురు విద్యార్థులు వేసవి సెలవులలో పది రోజులు కూర్చుంటే మొత్తం జాబితాను ఎత్తి వ్రాయవచ్చు. ప్రిన్సిపాల్ గారు అనుమతి ఇచ్చినారు. బీరువా తాళంచెవి హెడ్ గుమాస్తా గారి వద్ద ఉన్నది. శుక్రవారం తప్ప ఉదయం పది నుండి ఆయన ఆఫీసులోనే ఉంటారు.